స్క్రూ మీది బొట్టు

ఆదివారం పొద్దున ఎల్లారెడ్డిలో కామారెడ్డి బస్సు ఎక్కేటప్పటికే గంగకు కోపం నెత్తికెక్కి ఉంది. కిటికీ పక్కన కూర్చుని, ఒళ్లో ఉన్న నల్ల పెట్టెను రెండు చేతులతో అదిమి పట్టుకుంది. పక్క సీటు ముసలాయన, "ఏందవ్వ, గంత భద్రంగ పట్టుకున్నవ్, బంగారమా?" అని నవ్వుతూ అడిగాడు. "కాదు" అని ముఖం అటు తిప్పుకుంది. మామూలుగా ఆమె అంత పెడసరం మనిషి కాదు. దసరా పోయినప్పటి నుంచీ ఎవరితో మాట్లాడినా అలాగే అవుతోంది.

ఆ పెట్టెలో ఉన్నది ఆటల పోటీలకు వాడే ఎయిర్ పిస్టల్. గంగ ఆడపిల్లల హాస్టలు బడిలో ఆటల టీచరు. కొన్నేళ్ల కిందట పిల్లలను కామారెడ్డిలో ఒక షూటింగ్ క్లబ్బుకు తీసుకుపోయింది. సరదాగా తనూ ఒక గుండు వేసింది. పిల్లలు ఆ సాయంత్రానికే ఆ సంగతి మరిచిపోయారు, టీచరు మాత్రం మరవలేదు. ప్రతి ఆదివారం పప్పు వండి అమ్మకు పెట్టి, బస్సెక్కి పోయేది. ఆమె ఉండే లంబాడీ తండాలో వాళ్లు మొదట్లో నవ్వారు. తర్వాత, "మన గంగ తుపాకి కొడ్తది" అని బంధువులకు చెప్పుకోవడం మొదలుపెట్టారు.

నలభై దగ్గర పడ్డాక మామూలు పిస్టల్‌తో కాల్చడం ఆమెకు కష్టమైంది. పిస్టల్ మీద వెనక ఉన్న గాడి, ముందున్న మొన, దూరాన ఉన్న గురి కార్డు, ఈ మూడింటినీ ఒక్క గీతలో చూడాలి. ఒకటి తేటగా కనబడితే ఇంకొకటి అలుక్కుపోయేది. అలాంటి వాళ్లకూ కుదిరేలా, అన్ని వయసుల వాళ్లకూ కలిపి క్లబ్బులో రెడ్ డాట్ పోటీ పెట్టారు. పిస్టల్ మీద సైటు అనే చిన్న గాజు పలక ఉంటుంది, అందులో ఎర్ర చుక్క వెలుగుతుంది. చుక్క ఎక్కడ నిలిస్తే గుండు అక్కడ తగులుతుంది, అంతే. గంగ చెయ్యి గట్టిది. చుక్క దొరికాక ఆమెను క్లబ్బులో ఎవరూ అందుకోలేకపోయారు. హైదరాబాదులో జరిగే పోటీకి ఆడవాళ్లలో ఒక్కరినే పంపుతారు. ఈసారి గంగే అని అందరూ అనుకున్నారు.

దసరా తర్వాతి ఆదివారం ఆ చుక్క చెదిరిపోయినట్టు, తడి వేలితో చెరిపిన బొట్టులాగా కనబడింది. ఆమె ఆ మాట క్లబ్బు కోచ్ సుందర్‌కు చెప్పింది. చెప్పడమే పాపమైంది. అతను పిస్టల్ వైపు కూడా చూడకుండా ఆమెను గోడకు నిలబెట్టి, ఫోను లైటు కంట్లో కొట్టాడు.

"మేడం, ఇది సైటు కాదు, మీ కన్ను. వయసు మీద పడితే గిట్లనే చుక్క పాకుతది."

"మొన్నటిదాంక మంచిగనే కనబడింది సార్."

"కన్ను చెప్పి పోతదా మేడం?" అని నవ్వాడు. అక్కడున్న నలుగురూ నవ్వారు.

గంగ ఇంటికొచ్చి దీపం కింద గాజును చూసింది. దాని మీద నూనె వేలిముద్ర ఉంది. వెంటనే అర్థమైంది. తల్లి చంద్రికి దసరా వస్తే ఇంట్లో ఇనుమన్నది ఏదీ ఊరికే ఉండకూడదు. కొడవలి, గొడ్డలి, మందు కొట్టే పంపు, చివరికి వంటింటి కత్తిపీటకు కూడా నూనె రాసి, తుడిచి, బొట్టు పెడుతుంది. ఆ ఏడు పిస్టల్‌కు కూడా పెట్టింది. గాజు పక్కన, తడి కుంకుమతో గుండ్రటి బొట్టు ఉంది.

"యాడీ, ఈ గాజును ఎందుకు ముట్టినవ్?" అని గంగ తల్లి మీద విరుచుకుపడింది. తండాలో అమ్మను యాడి అనే పిలుస్తారు. "ఇది కొడవలా, గొడ్డలా? నీ నూనె చేతితోని నా బతుకు ఆగం చేస్తున్నవ్."

"ఇనుమన్నంక నూనె చూపియ్యకుంటె ఎట్ల బిడ్డా? ఏడాదికి ఒక్కనాడే కదా" అంది చంద్రి, తప్పు చేసిన పిల్లలా చేతులు చీర కొంగులో దాచుకుంటూ. గంగ దూదితో గాజు తుడిచింది. బొట్టు కూడా తుడిచేసేదే. తల్లి ముఖం చూసి ఆగిపోయింది. గాజుకు అడ్డం లేదు కదా, ఉండనీ అనుకుంది.

చుక్క మళ్లీ గుండ్రంగా కనబడింది. కానీ గుండ్లు మాత్రం దారికి రాలేదు. మధ్యలో పెట్టి కొడితే ఎడమ పక్కకు పోతున్నాయి. బ్యాటరీ మార్చింది. వెలుతురు ఎక్కువైతే చుక్క ఉబ్బుతుందని తగ్గించి చూసింది. చుక్కను జరిపే చిన్న మరలు తిప్పి మధ్యకు తెచ్చుకుంది. నాలుగు గుండ్లు బాగానే పడతాయి, మళ్లీ ఎడమకు పాకడం మొదలు. విచిత్రమేమిటంటే గుండ్లు చెల్లాచెదురు కావడం లేదు. అన్నీ ఒకదాని పక్కన ఒకటి, చెప్పి పెట్టినట్టు పడుతున్నాయి, కాకపోతే చోటు వేరు. కన్ను తప్పితే గుండ్లు ఇలా ఒక్కచోట పడతాయా అని ఆ కార్డు పట్టుకుపోయి సుందర్ ముందు పెట్టింది. అతను కార్డును చూడలేదు. చూసే మనిషైతే ఈ కథే ఉండదు.

"వచ్చే ఆదివారం సెలక్షన్ పెడ్త. అప్పుడు గూడ గిట్లనే ఉంటే ప్రణీతను హైదరాబాద్ పంపుత. మీరిగ తిప్పలపడి రాకుండ్రి మేడం, ఇంటికాడ ఆరాం చేయుండ్రి" అన్నాడు.

ఆ మాట గంగకు ఎక్కడ తగిలిందో సుందర్‌కు తెలియదు. ఆమె తండ్రి రామ్‌సింగ్ ఏటా చెరుకు కొట్టడానికి వలస పోయేవాడు. ఒక ఏడు చెరుకాకు అంచు గీసుకుని ఒక కన్ను పోయింది. గాయం మానాక మళ్లీ కొడవలి పట్టుకుని ముఠాతో బయలుదేరితే, మేస్త్రీ ఆ ముఖం చూసి, "ఒంటి కన్నుతోని ఏం కొడుతవ్, పో" అని లారీ దిగమన్నాడు. ఒక్క చెరుకు గడ కొట్టించి చూడలేదు. రామ్‌సింగ్ ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఇతరుల మేకలు కాశాడు. అందుకే కన్ను అన్న మాట వినబడగానే గంగకు ఆ లారీయే గుర్తొచ్చింది. దవాఖానకు పోయి చూపించుకుందామంటే కాళ్లు రాలేదు. సుందర్ చెప్పిందే నిజమేమో అన్న భయం లోపల కూర్చుంది. ఆ భయాన్ని ఒప్పుకోలేక బడిలో పిల్లల మీద, బస్సులో ముసలాయన మీద, అమ్మ మీద అరుస్తోంది.

క్లబ్బు రేకుల షెడ్డులో సెలక్షన్ జరిగే ఆ ఆదివారం జనం బాగానే ఉన్నారు. ప్రణీత ముందే వచ్చింది. రామారెడ్డి అనే ఊరి నుంచి వచ్చే కాలేజీ అమ్మాయి, పొలాలున్న ఇంటి పిల్ల. గంగను చూసి బల్ల మీద చోటిచ్చి, "అక్కా, మీరు ముందు కొట్టండి" అంది. ఆ పిల్ల మీద కోపం తెచ్చుకుందామన్నా గంగకు రాలేదు.

లెక్కలోకి రాని గుండ్లు కొన్ని ముందు వేసుకోనిస్తారు, గురి సరిచూసుకోవడానికి. గంగ ఊపిరి బిగబట్టి, చుక్కను నడిమధ్య నిలబెట్టి కొట్టింది. ఎడమ. మళ్లీ కొట్టింది. ఇంకాస్త ఎడమ. వెనక నుంచి సుందర్ ఎవరితోనో అంటున్నాడు, "చెప్తే ఇనరు. కన్ను సహకరించనప్పుడు మనిషి మర్యాదగ తప్పుకోవాలె."

గంగ పిస్టల్‌ను బల్ల మీద పెట్టేసింది. ఇక చాలు, పెట్టె మూసుకుని పోదాం, మళ్లీ ఈ గడప తొక్కొద్దు అనుకుంది. పెట్టెలో పెట్టడానికి పిస్టల్‌ను పక్కకు తిప్పింది. అప్పుడు అమ్మ పెట్టిన బొట్టు కళ్లబడింది.

బొట్టు రెండు ముక్కలైంది.

సైటును పిస్టల్‌కు పట్టి ఉంచే పట్టీకి పక్కన ఒక స్క్రూ ఉంటుంది. రూపాయి బిళ్ల పట్టేంత గాడి ఉన్న పెద్ద తల స్క్రూ. చంద్రి బొట్టు సగం ఆ స్క్రూ తల మీద, సగం పట్టీ మీద పడేలా పెట్టింది. గాజు తుడిచిన రోజు గంగ చూసినప్పుడు అది గుండ్రంగా ఉంది. ఇప్పుడు పట్టీ మీది సగం ఉన్నచోటే ఉంది, స్క్రూ మీది సగం పైకి తిరిగిపోయింది. బొట్టు నడవదు. స్క్రూ తిరిగింది. గంగ సైటును బొటనవేలితో నెట్టింది. పాలపన్నులా కదిలింది.

ఈ పిస్టల్ లోపల పెద్ద స్ప్రింగు ఉంటుంది. కొట్టినప్పుడల్లా ముందుకూ వెనక్కూ గుంజుతుంది. ఆ గుంజుడికి సైటు కొంచెం కొంచెంగా జరుగుతూ వస్తోంది. తను చుక్కను దిద్దుకుంటూ పోతోంది, అది పాకుతూ పోతోంది. కన్నుకు ఏమీ కాలేదు.

ఆ సంగతి తెలిశాక సంతోషం రావాలి. రాలేదు. ఇన్నాళ్ల కోపం ఒక్కసారిగా సరైన చోటు వెతుక్కుంది.

"సార్, ఒక్కసారి ఇటు రాండ్రి" అని పిలిచింది. సుందర్ వచ్చాడు. "దీని మీద వేలు పెట్టి నెట్టుండ్రి."

అతను నెట్టాడు. "అరె, లూజున్నట్టుందే" అన్నాడు, వాతావరణం గురించి చెప్పినట్టు.

ప్రణీత బ్యాగులోంచి రూపాయి బిళ్ల తీసి ఇచ్చింది. గంగ స్క్రూను పూర్తిగా విప్పి చూసింది. దాని మర చుట్ల నిండా నూనె. చున్నీ అంచుతో ఒక్కో చుట్టునూ పొడిగా తుడిచింది. సైటును దాని గాడిలో ముందుకు నెట్టి, బిళ్ల వేలికి గుచ్చుకునేదాకా బిగించింది. చుక్కను మధ్యకు దిద్దుకుని, కొట్టి చూసింది. మధ్యలో పడింది. మళ్లీ కొట్టింది. అదే చిల్లు కాస్త పెద్దదైంది. తర్వాత సెలక్షన్ గుండ్లు కొట్టినంతసేపూ ఆమె ఎవరివైపూ చూడలేదు. అయిపోయాక ప్రణీతే కార్డు తెచ్చి అందరికీ చూపించింది. గుండ్లన్నీ నడిమధ్యనే ఉన్నాయి.

"చెప్పిన కదా మేడం, ఏదో చిన్న ప్రాబ్లమే ఉంటదని. హైదరాబాద్ మీరే పోతున్రు" అన్నాడు సుందర్, చేతులు దులుపుకుంటూ.

"మీరు గట్ల చెప్పలే సార్" అంది గంగ. గొంతు పెంచలేదు. "నా కన్ను పోయిందన్నరు. దసరా కాడికెల్లి ఈ పిస్టల్ మీ ముంగట్నే ఉన్నది. ఒక్కసారన్న చెయ్యి పెట్టి ఊపి చూసిన్రా? కార్డు తెచ్చిస్తే కార్డు చూడలే. నా కంట్ల లైటు కొట్టి, నలుగుర్ల నవ్విన్రు. మా బాపును గిట్లనే లారీ దింపిన్రు. ఆయన చెయ్యి ఎవరు చూడలే, కన్ను చూసి పొమ్మన్నరు."

లారీ ఏమిటో, బాపు ఎవరో సుందర్‌కు అర్థం కాలేదు. గంగ పెట్టె మూసుకుని బయటికి నడిచింది.

తండా చేరేసరికి చంద్రి వాకిట్లో కూర్చుని ఉంది. కూతురి నడక చూసి, తిట్లు తినడానికి సిద్ధపడ్డట్టు లేచి నిలబడింది.

"యాడీ, స్క్రూ విప్పినవా?"

"విప్పిన" అంది చంద్రి, నేల చూస్తూ. "రూపాయి బిళ్లతోని. లోపట తుప్పు వడ్తదని నూనె వోసి, మల్ల బిగిచ్చిన. మందు పంపుకు గట్లనే చేస్త కదా. ఖరాబైందా బిడ్డా?"

నీ నూనె వల్లనే ఇదంతా, అనే మాట గంగ నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు చూరులో దోపిన తండ్రి కొడవలి కనబడింది. రామ్‌సింగ్ పోయి ఏళ్లయింది. దాంతో ఎవరూ ఏమీ కొయ్యరు. అయినా అంచు మెరుస్తోంది, పిడి మీద దసరా బొట్టు ఉంది.

"దానికెందుకే నూనె, ఎవరు పట్టుకుంటరని?" అంది గంగ. అడిగిన తీరులో ఇంకా కోపమే ఉంది.

"మీ బాపు సచ్చేదాంక చెప్పిండు, ఒక్క గడ కొట్టి చూపిస్త, ఎవరన్న చూడుండ్రి అని. ఎవరన్న అడుగుతరేమో అని తుప్పు పట్టకుంట ఉంచిన" అంది చంద్రి. "ఎవరు అడగలే."

గంగ అరుగు మీద కూర్చుని పెట్టె తెరిచింది. లోపలికి పోయి కుంకుమ భరిణె, చెంబులో నీళ్లు తెచ్చి తల్లి ముందు పెట్టింది.

"నూనె వద్దు. ఇంకెప్పుడు స్క్రూ విప్పకు" అంది. "బొట్టు మాత్రం పెట్టు. మొన్నటి తీర్గనే, సగం స్క్రూ మీద, సగం పట్టీ మీద. అది కదిలితే నాకు ఎర్కయితది."

చంద్రి వేలు తడిపి కుంకుమలో అద్దింది. కూతురు ఇంకా తిడుతుందేమోనని ఓరకంట ఆమె ముఖమే చూస్తూ పెట్టింది. బొట్టు కాస్త వంకరగా పడింది. గంగ దాన్ని దిద్దలేదు, ఆరేదాకా పిస్టల్‌ను కదలకుండా పట్టుకుని కూర్చుంది.