రామప్ప ప్రయాణం, మా ఇంటి గోడ

ఇయ్యాల మేమిద్దరం రామప్ప గుడి చూసొచ్చినం. పిల్లలు, చుట్టాలు లేకుండ ఇద్దరమే పోవుడు పెండ్లయినంక ఇదే మొదలు.

సీటు దొరకదేమోనన్న ఫికర్‌తోని పొద్దుగాల్నే ఇంటికి తాళమేసి, గుంజి చూసి, బస్టాండుకు ఉరికిన. బస్సు కదులుతాంది, ఎనకనే వస్తాండనుకున్న మా ముసలాయన జాడ లేదు. కండక్టరును బతిమిలాడి ఆపిచ్చిన. అంగీకి సున్నం పూసుకొని ఎక్కిండు.

"ఏడున్నవయ్యా ఇంతసేపు?"

"నువ్వు తాళమేసిన ఇంట్లనే. మంచినీళ్లు తాగుతాంటె ఏసినవ్. పెరటి గోడ దుంకొచ్చిన."

బస్సంత నవ్వింది. నాకైతే దొంగల ఫికర్ పట్టుకుంది. "ముసలోడివి నువ్వే దుంకినవంటె దొంగలు దుంకరా?"

"ఇంట్ల ఖరీదైన సామాను నేనొక్కణ్ణే. నేను ఈడున్న గదనే."

గుడి కాడ ఆ నల్లరాతి బొమ్మలు చూస్తాంటె ఫికరంత పోయింది.

ఇగ భద్రాచలం పోదామంటాండు. గోడ మీద సీసపెంకులు పెట్టియ్యాలె. కని మళ్ల ఆయన్ను లోపలుంచి తాళమేస్తె ఎట్ల? మీరే చెప్పుండ్రి.