మూగ మెట్టు

పాటల టీచరమ్మగారు పోయారని నాకు చెప్పింది బస్సు కండక్టరు. ఏటా మా మామిడితోటలో చిన్నరసాలు పండగానే మొదటి బుట్ట ఆవిడకి పంపడం నా అలవాటు. హనుమాన్ జంక్షన్ నుంచి నూజివీడు పోయే ఎర్రబస్సు ఆపి బుట్ట ఇస్తే, కండక్టరు బస్టాండులో దింపేవాడు. టీచరమ్మగారి చెల్లెలు వచ్చి తీసుకుపోయేది.

"అడుగున గడ్డి మందంగా వేశాను నాయనా. ఎండ తగలనీయకు, దీని మీద ఎవరి మూటా పెట్టనీయకు" అని నేను ఎప్పటిలాగే అప్పగింతలు పెడుతుంటే అతను చెయ్యి చాపలేదు.

"ఎవరికి మామ్మగారూ ఇది? ఆ టీచరుగారు నిన్న తెల్లారేసరికి పోయారంట కదా. మీకు కబురు రాలేదా?"

బుట్ట అలాగే పట్టుకుని బస్సెక్కాను. దాన్ని పక్కన పెట్టమని ఎవరో అన్నారు. పెట్టలేదు. ఇంటి తలుపు గొళ్ళెం పెట్టానా, పొయ్యిలో నిప్పు ఆర్పానా అని ఎక్కడికి బయల్దేరినా దారంతా గుంజాటన పడే దాన్ని, ఆరోజు అవేవీ గుర్తు రాలేదు. ఒక్కటే గుర్తుకొచ్చింది. ఈ ఏడూ చెప్పలేదే అని.

నేను ఐదో తరగతి చదివిన దాన్ని. పదిమంది చదివేది రాయడం నాకు కొత్త. ఆవిడ దగ్గర పాట నేర్చుకున్న ఆడపిల్లలు ఈ చుట్టుపక్కల చాలా ఊళ్ళలో ఉన్నారు. ఆవిడ గురించి నాకంటే బాగా రాయగలవాళ్ళు వాళ్ళు. కానీ వాళ్ళకి తెలియని సంగతి ఒకటి నా దగ్గరుంది. ఆవిడకి చెప్పవలసింది. ఏడేళ్ళు దాటవేశాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ఎనభై రెండు ప్రాంతం మాట. మా అబ్బాయి కూతురు అప్పుడు నూజివీడు ఆడపిల్లల బళ్ళో ఎనిమిదో తరగతి. దానికి పాటంటే ప్రాణం. గొంతు మాత్రం బొంగురు. బళ్ళో ప్రార్థన పాడితే ఇరవై మంది సన్నగొంతుల మధ్య దీనిది ఒక్కటే వేరుగా వినపడేది. తోటి పిల్లలు "ఏంటే, మీ నాన్న పాడుతున్నాడా లోపల?" అని ఏడిపించేవారు. ఇంటికొచ్చి ముసుగుతన్ని పడుకునేది. నేను మిరియాల పాలిచ్చాను, కరక్కాయ నమిలించాను, గొంతుకి పసుపు పట్టు వేశాను. చివరికి డాక్టరుకి చూపించాలేమో అడుగుదామని బడికి వెళ్ళి టీచరమ్మగారిని కలిశాను.

అదే మొదటిసారి చూడటం. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ నూలుచీర, చేతికి మగవాళ్ళ గడియారం. ఆదివారాలు చర్చిలోనూ ఆవిడే హార్మోనియం వాయించేవారు. పిల్లలు పాడుతుంటే చెప్పులు విప్పేసి వినేవారు. నేను గొంతు సంగతంతా ఏకరువు పెట్టాను. ఆవిడ ఓపిగ్గా విని, "నానమ్మగారూ, మీ తోటలో అన్నీ బంగినపల్లులేనా?" అని అడిగారు.

"అయ్యో, లేదండీ. చిన్నరసాలు, పెద్దరసాలు, కలెక్టరు..."

"చిన్నరసం చెట్టుకి బంగినపల్లులు కాయమని మందు పెడతారా?"

నాకు నవ్వొచ్చింది. భయం మాత్రం తీరలేదు. నా భయాలు అంత తేలిగ్గా తీరేవి కావు.

ఆ రోజు నుంచి మనవరాలిని సాయంత్రాలు కూర్చోబెట్టుకుని పాడించారు. కానీ ఆ పిల్ల హార్మోనియం వాయించేటప్పుడే పాడేది. తిత్తి గట్టిగా కొట్టి, ఆ మోతలో తన గొంతు వినపడకుండా చూసుకునేది. "దాని వెనకాల ఎందుకు దాక్కుంటావమ్మా? బయటికి రా" అనేవారు టీచరమ్మగారు. అది తల వంచుకునేది.

వేసవి సెలవులిచ్చారు. ఆవిడ తన సొంత హార్మోనియాన్ని మనవరాలికి ఇచ్చి పంపారు. వాళ్ళ నాన్నగారు కొనిపెట్టినదట. "సెలవులన్నాళ్ళూ నీ దగ్గరే ఉంచుకో. ఎవరో నేర్పినవి కాదు, నీ పాట ఏదైనా కట్టుకురా" అన్నారట. హార్మోనియం ఇంటికొచ్చిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. కాపు రోజులు. బేరగాళ్ళు, కూలీలు, లారీవాళ్ళు ఇంట్లోకి వస్తూ పోతూ ఉంటారు. ఒకరి తండ్రి గుర్తు మన ఇంట్లో పెట్టుకుంటే ఎంత భయం! ఇంతలో మా ఆడపడుచు మనవడి బారసాలకి అందరం ఉంగుటూరు వెళ్ళవలసి వచ్చింది. ఇంటికి తాళం వేస్తే చాలన్నాడు మా అబ్బాయి. నా మనసు ఒప్పుకోలేదు. అందరూ బండి దగ్గరికి వెళ్ళాక, కిటికీ దగ్గరున్న హార్మోనియాన్ని పాతచీరలో చుట్టి, కాయలు మాగబెట్టే గదిలోకి తీసుకుపోయాను. వరిగడ్డి, కాయలు, మళ్ళీ గడ్డి. ఆ మధ్యలో దాన్ని దాచేశాను. మామిడికాయల కింద హార్మోనియం ఉందని ఏ దొంగకి తడుతుంది? నా తెలివికి నేనే మెచ్చుకున్నాను.

ఒక్క రోజని వెళ్ళిన వాళ్ళం గాలివానకి నాలుగు రోజులు చిక్కుబడిపోయాం. తిరిగొచ్చి అందరికంటే ముందు నేను ఆ గదిలోకి పరుగెత్తాను. గడ్డిలో చెయ్యి పెడితే కాలింది. మాగే కాయలకి ఎంత వేడి పుడుతుందో పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి చూస్తున్న దాన్ని, ఆ రోజు ఎలా మరిచిపోయానో! హార్మోనియం జ్వరం వచ్చిన పసిబిడ్డలా వెచ్చగా, చెమ్మగా ఉంది. తుడిచి, గబగబా తీసుకెళ్ళి కిటికీ దగ్గరే పెట్టేశాను.

మనవరాలు వచ్చి వాయించింది. మధ్యలో ఒక మెట్టు పలకలేదు. నొక్కితే ఉత్త గాలి వస్తోంది.

"నానమ్మా, ఏమైంది దీనికి?"

చెబుదామనే నోరు తెరిచాను. "కిటికీలోంచి జల్లు కొట్టిందేమోనే" అని వచ్చింది నోట్లోంచి.

అది గోడకి చేరగిలబడి, "నేనే అక్కడ పెట్టాను. నేనే పెట్టాను" అంటూ ఏడ్చింది. నేను దాని తల నిమురుతూ నిలబడ్డాను. ఒక్క మాట అంటే పోయేది. అనలేదు.

బడి తెరిచిన రోజు నేనూ దానితో వెళ్ళాను. "కిటికీ దగ్గర పెట్టానండి, తడిసిపోయింది. తప్పు నాదే" అని చెప్పింది ఆ పిల్ల. టీచరమ్మగారు హార్మోనియం తిప్పి చూశారు. తిత్తి తెరిచి మూశారు. ముఖం దగ్గరగా పెట్టుకున్నారు. తల ఎత్తి నా వైపు ఒకసారి చూసి, "పాట కట్టావా?" అని దాన్ని అడిగారు.

కట్టింది. మా తోటలో కొమ్మ మీద కాయలు కోసేవాళ్ళు కింద పట్టుకునేవాళ్ళకి వేసే కేక ఉంటుంది చూశారూ, ఆ కేకని పల్లవి చేసుకుని కట్టింది. పాడుతుంటే ఆ మెట్టు దగ్గర హార్మోనియం మూగపోయింది. అక్కడ పిల్ల గొంతు ఒక్కటే మిగిలింది, బొంగురుగా, దాచుకోవడానికి ఏ ఆసరా లేకుండా. అది భయపడి ఆపేసింది.

"ఆపకు. మళ్ళీ పాడు" అన్నారు టీచరమ్మగారు. అప్పటికే ఆవిడ చెప్పులు విప్పేసి ఉన్నారు.

బాగు చేయిస్తామని మా అబ్బాయి ఎన్నిసార్లు అన్నా ఆవిడ ఒప్పుకోలేదు. "బాగుచేస్తే ఈ పిల్ల మళ్ళీ వెనక్కెళ్ళి దాక్కుంటుందండీ" అనేవారు. స్కూలు యానివర్సరీకి ఆ హార్మోనియంతోనే పాడించారు. నేను వెనక బెంచీలో చీర కొంగు నములుతూ కూర్చున్నాను. ఆ మెట్టు వచ్చిన ప్రతిసారీ హాలంతా నిశ్శబ్దమై, ఆ ఒక్క గొంతు నిలబడింది. నాన్న పాడుతున్నాడా అని ఏడిపించిన పిల్లలే ఆ కేక నేర్చుకుని వారం రోజులు పాడుకుంటూ బడంతా తిరిగారు. ఇప్పుడు మనవరాలు డిగ్రీ చదువుతోంది. ఎక్కడ పాడినా, చూడకుండానే ఎవరైనా చెబుతారు దాని గొంతని.

కానీ ఒకటుంది. ఆ వేసవి నుంచి ఆ పిల్ల మబ్బు పడితే చాలు, ఏ పనిలో ఉన్నా లేచి కిటికీలన్నీ మూస్తుంది. ఎండాకాలం ఉక్కలో కూడా. ఏడేళ్ళుగా చూస్తున్నాను. గొళ్ళెం పడిన ప్రతిసారీ నా గుండెలో పడేది.

ఏటా బుట్ట సర్దేటప్పుడు అనుకునేదాన్ని, ఈసారి నేనే తీసుకెళ్ళి ఇచ్చి చెప్పేయాలని. ఒకసారి వెళ్ళాను కూడా. ఎదురుగా కూర్చుని మనవరాలి దగ్గు గురించి, వడగళ్ళ గురించి, పూత రాలడం గురించి చెప్పాను. అసలుది చెప్పలేదు. ఆవిడ నవ్వి, "నానమ్మగారూ, మీ భయాలు కూడా కొంచెం గడ్డిలో పెట్టి రండి, మాగుతాయేమో" అన్నారు. వేళాకోళం అనుకున్నాను.

ఆ రోజు బస్సు దిగి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. చర్చి వెనక సమాధి మీద మట్టి ఇంకా తడిగా ఉంది. కబురు తెలిసి మనవరాలు కాలేజీ నుంచి నాకంటే ముందే వచ్చి ఆ ఇంట్లో ఒక మూల కూర్చుంది. టీచరమ్మగారి చెల్లెలు హార్మోనియం తెచ్చి దాని ముందు పెట్టింది.

"నీకే ఇవ్వమంది అక్క. తిత్తి మడతల్లో గడ్డిపరకలున్నాయి, చూసుకో. నేను దులుపుతానంటే ఎప్పుడూ దులపనిచ్చేది కాదు. 'ఆ నానమ్మగారు ఎప్పుడో ఒకరోజు వచ్చి చెబుతారు. అప్పుడు ఇద్దరం కలిసి తీస్తాం' అనేది. ఏంటండీ నానమ్మగారూ, అది? మీకేమన్నా తెలుసా?"

మొదటి రోజే తెలిసిపోయింది ఆవిడకి. ఏడేళ్ళూ నా నోటి నుంచి రావాలని ఆగారు.

అప్పుడు చెప్పాను. బుట్ట ఒళ్ళో పెట్టుకునే, ఆ గది, గడ్డి, వేడి, నా అబద్ధం, అన్నీ చెప్పాను. మనవరాలు నన్ను తిట్టలేదు. ఒక్క మాటే అడిగింది.

"అయితే కిటికీ కాదా, నానమ్మా?"

మర్నాడు సాయంత్రం మా ఇంటి మీద మబ్బు పట్టింది. తోటలో గాలి లేచింది. మనవరాలు కిటికీలు మూయడానికి లేవలేదు. హార్మోనియాన్ని తెరిచిన కిటికీ పక్కనే పెట్టుకుని, చెప్పులు విప్పి, ఆ కేక పాట మొదలుపెట్టింది. తిత్తి కదిలినప్పుడల్లా మడతలో ఎండిన పరక ఒకటి పైకి లేచి పడుతోంది. మూగ మెట్టు వచ్చింది. గాలి మాత్రమే పలికింది. ఏడేళ్ళుగా అక్కడ ఆ పిల్ల గొంతు ఉండేది.

ఆ సాయంత్రం లేదు. వేలు మెట్టు మీద అలాగే ఉంచి, టీచరమ్మగారిలా వింటూ కూర్చుంది. గాలి వస్తూనే ఉంది.