చాచా కిటికీలో డీజిల్ సీసా

మా పక్కింటి చాచా పోయిన శుక్రవారం పొద్దున తాండూరులో చనిపోయారు. నేను వికారాబాద్‌లో కలెక్టరేట్ ముందు ధర్నా వార్త రాసుకుంటున్నాను. ఫోన్ చేసింది చాచీ. "మీ చాచా పోయిండు బేటీ. నిద్రల్నే పోయిండు. పరేషాన్ గాకు, నిమ్మలంగ రా" అంది. భర్తను పోగొట్టుకున్న మనిషి నాకు నిమ్మళం చెప్పింది. తొందరపడకపోవడం ఆ ఇంటి అలవాటు.

చాచా వయసులో ఉండగా ఓడల్లో ఇంజన్ల దగ్గర పనిచేశారు. తిరిగొచ్చి తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ షెడ్డు పెట్టారు. నీళ్ల మీద మనసు మాత్రం పోలేదు. హైదరాబాద్‌లో ఎవరో వదిలించుకుంటున్న చిన్న తెరచాప పడవను కొని, లారీ మీద తెచ్చి, బంట్వారం వైపు ఉన్న ప్రాజెక్టు నీళ్లలో దింపారు. గాలి లేనప్పుడు నడపడానికి దానికో చిన్న డీజిల్ ఇంజన్ ఉండేది. కంది చేల అవతల తెల్లటి తెరచాప చూసి జనం నవ్వారు. "గా పడవ నా సవతి. దాన్ని నేనెందుకు ఎక్కుత?" అనేది చాచీ.

డీజిల్ దగ్గర చాచాకు ఒక పద్ధతి ఉండేది. కొన్నది కొన్నట్టు ట్యాంకులో పోసేవారు కాదు. ముందు షర్బత్ సీసాలో పట్టి వంటింటి కిటికీలో పెట్టేవారు. నీళ్లు కలిసి ఉంటే అడుగుకు దిగుతాయి, మట్టి ఉంటే వాటి కింద పేరుకుంటుంది. "మనం అడిగే పని లేదు బేటీ. జర ఆగితే అదే చెప్తది" అనేవారు. అలా తేరిన డీజిల్ సీసా ఒకటి పడవలో ఎప్పుడూ ఉండేది.

నాకు తెలిసి ఆయన ఆ పద్ధతి తప్పింది ఒక్కసారే, చాచీ పడవ ఎక్కుతానన్న రోజున. వానలు బాగా పడి ప్రాజెక్టు నిండింది, అలుగు పారుతోంది. ఆమె ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని చాచా షెడ్డులో చేతికందిన డబ్బా తీసుకుని, బంకులో డీజిల్ పట్టించి, నేరుగా ట్యాంకులో పోసేశారు. రాయి కోసే బ్లేడు మీద పోసే నీళ్లకూ, జనరేటర్ డీజిల్‌కూ ఆ షెడ్డులో ఒకే రకం నీలం డబ్బాలు వాడేవారు.

ముగ్గురం వెళ్లాం. తిరిగొస్తుంటే గాలి పడిపోయింది. ఇంజన్ వేస్తే కాసేపు నడిచి, దగ్గి, ఆగిపోయింది. నీళ్లు పడవను అలుగు వైపు లాగుతున్నాయి. చాచా లంగరు వేశారు. అడుగున మెత్తటి బురద. లంగరు జారుతూనే ఉంది. పడవ నెమ్మదించింది గానీ ఆగలేదు.

"మళ్ల స్టార్ట్ జెయ్యి జీ" అంది చాచీ.

"చెయ్య. ఏం తాగి ఆగిందో తెల్వకుండ మళ్ల తాపుతరా?"

ఫిల్టర్ అడుగు స్క్రూ విప్పి గ్లాసులో పట్టారు. సున్నం కలిపినట్టు తెల్లటి నీళ్లు వచ్చాయి. వేళ్ల మధ్య రుద్ది చూశారు. "రాతి పొడి. మన షెడ్డుదే. తప్పు నాది."

"సవతిని ఎన్నడు నమ్మకపోతి. ఇగ మొగుణ్ని గూడ నమ్మేటట్టు లేదు" అంది చాచీ. ఆయన నవ్వారు.

ట్యాంకు నుంచి వచ్చే పైపు ఊడదీసి, తుడిచి, తేరిన డీజిల్ సీసాలో ముంచారు. సీసా చాచీ చేతికిచ్చారు. "కదిలియ్యకు. అడుగున ఏమన్న ఉంటే లేస్తది." ఫిల్టర్ కొత్తది వేశారు. దాని పైనున్న స్క్రూ వదులు చేసి, లోపల చిక్కిన గాలి పోవడానికి చేతి పంపు నొక్కడం మొదలుపెట్టారు. నురగ వస్తోంది. అలుగు గోడ దగ్గర నిలబడ్డ మనుషుల చొక్కాల రంగులు కనిపిస్తున్నాయి. వాళ్లు కేకలేస్తున్నారు, నీళ్ల మోతలో మాటలు తెలియడం లేదు. చాచా తల ఎత్తలేదు. నురగ పూర్తిగా ఆగేదాకా ఇంజన్ ముట్టలేదు.

నేను చాలా ప్రమాదాల వార్తలు రాశాను. ముప్పు దగ్గరయ్యేకొద్దీ మనిషి చేతులు తడబడతాయని ఎంతోమంది నోట విన్నాను. ఆ రోజు ఆయన చేతులు షెడ్డులో రోజూ ఎలా కదిలేవో అలాగే కదిలాయి. పడవ ఊగుతున్నా సీసా పట్టుకున్న చాచీ చేయి కూడా ఊగలేదు. ఆ ఇద్దరిలో ఎవరిని చూస్తూ ఉండిపోయానో ఇప్పటికీ చెప్పలేను.

ఇంజన్ ఒక్కసారికే అందుకుంది. ఒడ్డు చేరాక చాచా చేతులు కడుక్కుని, "భయపడ్డవా?" అని చాచీని అడిగారు. "సీసా వట్టుకుంటి. భయపడనీకి చెయ్యేడ ఖాళీ ఉండె?" అందామె. మర్నాటి నుంచి కిటికీలో సీసా పెట్టే పని ఆమె తీసుకుంది.

మొన్న ఇంటికి వెళ్లినప్పుడు చాచీ తమ్ముడు వచ్చి ఉన్నాడు. "ఆపా, పడవ ఒడ్డుకు తెస్త. డీజిల్ ఉందా?" అని అడిగాడు. ఆమె కిటికీ వైపు చూసింది. పోయే ముందు రోజు చాచా తెచ్చిన డీజిల్ షర్బత్ సీసాలో ఉంది. "ఇంటికొచ్చినోళ్లు కిటికీ తీసేటప్పుడు కదిలింది. తేరనియ్యి, ఇస్త" అంది.

గాలికి కిటికీ రెక్క కొట్టుకోబోయింది. చాచీ లేచి వెళ్లి, రెక్క సీసాకు తగలకుండా అరచెయ్యి అడ్డం పెట్టి నిలబడింది. ఎండ సీసాలోంచి వచ్చి ఆమె మణికట్టు మీద పసుపుపచ్చగా పడింది. సీసా అడుగుకు సన్నటి తెల్లటి గీత ఇంకా దిగుతూ ఉంది.