మా అత్త మిద్దెకు నేను చేసిన వైద్యం

ఆ రోజుల్లో నాకు కనిపించినవన్నీ సమస్యలే. రోడ్డు చూస్తే వేడి సమస్య, బోరు చూస్తే భూగర్భ జలాల సమస్య, మా నాయన స్కూటరు చూస్తే పొగ సమస్య. అన్నిటికీ పరిష్కారం మాత్రం ఒకటే ఉండేది, అది నేను. ఇదేదో పాతకాలం సంగతి కాదు. చేతిలో స్మార్ట్‌ఫోను, ముఖాన అరకొర గడ్డం ఉన్న రోజులే, పట్టుమని పదేళ్లు కూడా కాలేదు. కర్నూలు పొలిమేరలో ఒక అనువర్తిత శాస్త్రాల విశ్వవిద్యాలయం ఉండేది (ఇప్పటికీ ఉంది, నన్ను చదివించిన తర్వాత కూడా). అందులో సుస్థిర హరిత ఇంజనీరింగు అని కొత్త కోర్సు పెట్టారు. కంప్యూటర్లలో సీటు రాని ముప్పై మందిమి అందులో చేరి, చేరిన వారానికే భూగోళాన్ని కాపాడే బాధ్యత నెత్తిన వేసుకున్నాం. బంధువులెవరైనా "ఏం చదువుతాండావప్పా" అని అడిగితే, నేను నోరు తెరిచేలోపే మా నాయన "చెట్ల ఇంజనీరు" అని తేల్చేసేవాడు. మొదట్లో నాకది పెద్ద అవమానంగా ఉండేది. మూడో ఏడు వచ్చేసరికి నేనే అలా చెప్పుకోవడం మొదలుపెట్టాను.

మా గైడుకు మేము పెట్టిన పేరు కార్బన్ సార్. టీ తాగినా, లిఫ్టు ఎక్కినా దానికెంత కార్బన్ ఖర్చయిందో చెప్పందే ఆయనకు తోచదు. ఆఖరి ఏడాది ప్రాజెక్టు కాగితం మీద కాదు, మనుషులు కాపురముండే ఇంటి మీద చేయాలన్నది ఆయన నియమం. "ఒక నిజమైన ఇల్లు తీసుకోండి, చల్లబరచండి, కొలిచి చూపించండి" అన్నారు. కాపురమున్న ఇంటిని తెలిసి తెలిసి ఒక విద్యార్థి చేతికి ఎవరిస్తారు? నా అదృష్టానికి నాకొక మేనత్త ఉంది. ఆమె దురదృష్టానికి ఆమెకు నేనొక్కడినే మేనల్లుడిని.

అత్తావాళ్లది కమలాపురం దగ్గర ఒక పల్లె. నాలుగెకరాల మెట్ట, అందులో చెనక్కాయ (వేరుశనగ) పంట, నాపరాళ్ల గోడల మీద పాతకాలపు మట్టి మిద్దె. మా సీమ మిద్దె గురించి తెలియనివాళ్ల కోసం ఒక మాట. గోడల మీద దూలాలు, వాటి మీద కర్రలు, కర్రల మీద మట్టి, అన్నిటికీ పైన జానెడు మందాన చౌడు వేసి తొక్కుతారు. చౌడంటే వాగువంకల పక్కన తెల్లగా పొడిపొడిగా ఉండే ఉప్పు మన్ను. ఏటా వానలకు ముందు కొత్త చౌడు తోలుకొచ్చి మిద్దె మీద పరచడం, ఎక్కడైనా ఒక గడ్డిపోచ తల ఎత్తితే పైకెక్కి పీకేయడం ఆ ఊళ్లో ప్రతి ఇంటికీ ఉన్న పని. నేను చిన్నప్పటి నుంచీ సెలవుల్లో ఆ మిద్దె మీద పడుకుని పెరిగినవాణ్ణే. అయినా మూడున్నరేళ్ల చదువు తర్వాత దాన్ని కొత్తగా చూశాను. నాకు అక్కడ ఒక జబ్బుపడ్డ నేల కనిపించింది.

ఫిబ్రవరిలో ఒక డబ్బాలో ఆ చౌడు తీసుకుపోయి ల్యాబులో పరీక్ష చేశాను. క్షారం ఎక్కువ, సోడియం ఎక్కువ. రికార్డులో నా అందమైన చేతిరాతతో ఇలా రాశాను: "లోపాలు. ఒకటి, ఈ మట్టి నీటిని ఇంకనివ్వదు. రెండు, ఇందులో ఏ మొక్కా మొలవదు." దీనికి పుస్తకంలో వైద్యం ఉంది. జిప్సం కలిపితే చౌడు నేల బాగుపడి, గుల్లబారి, నీళ్లు తాగుతుంది. అప్పుడు మిద్దె మీద పచ్చిక పెంచితే ఇల్లు చల్లబడుతుంది. ఇంత తేలికైన ఉపాయం ఇన్నేళ్లుగా ఎవరికీ తట్టకపోవడం చూసి నాకు ఆ ఊరి మీద జాలి కూడా కలిగింది.

అత్తకు చెప్పాను. ఆమె చాటలో కందులు ఏరుతూ, తల ఎత్తకుండానే, "మిద్దె మింద గడ్డి పీకలేక మాకు నడుములు పోతాండాయి. నువ్వేమో పెంచుతానంటాండావు" అంది.

"ఇది శాస్త్రం అత్తా. ఇల్లు చల్లగా అవుతుంది."

"ఇప్పుడు మాత్రం యాడ కాలిపోతాంది రా? నాపరాళ్ల గోడ, జానెడు చౌడు. మీ కర్నూలు శ్లాబు ఇండ్లకంటే చల్లగనే ఉండాది."

ఆ మాట దగ్గరే నా ప్రాజెక్టు అయిపోవాల్సింది. కానీ మార్కులకు కావలసింది చల్లని ఇల్లు కాదు, నేను చల్లబరచిన ఇల్లు. వారం రోజులు వెంటపడ్డాను. చివరికి అత్త, "సదువుకునేటోనివి, నీకు తెల్దా ఏంది. ఆ కొట్టు గది మింద మాత్రం చేసుకోపో" అని ఒప్పుకుంది. కొట్టు గదిలో చెనక్కాయ విత్తనం సంచులు ఉండేవి. ముంగారు వానకు, అంటే తొలకరికి, నేల పదునైతే వేయడానికి, పోయినేడు పంటలో మంచి కాయలు ఏరి దాచుకున్న విత్తనం. ఏడాది బతుకంతా ఆ సంచుల్లో ఉందన్నమాట. నాకు మాత్రం ఆ గది నచ్చింది, ఎందుకంటే మనుషుల అలికిడి లేని చోట థర్మామీటరు కదలకుండా ఉంటుంది.

మామ రోజుకు నాలుగు మాటలకు మించి మాట్లాడడు. చెనక్కాయ పైరుకని తెచ్చిపెట్టుకున్న జిప్సం సంచి నేను మిద్దె ఎక్కిస్తుంటే, అందులో రెండు ఖర్చుపెట్టాడు: "అది చేనుకప్పా."

"ఇదీ నేలే మామా" అన్నాను. మిగిలిన రెండూ ఆయన దాచుకున్నాడు.

పారతో చౌడు తవ్వి, గుల్ల చేసి, జిప్సం కలిపి, పైన ఎర్రమన్ను, పేడ ఎరువు వేసి గరిక నాటాను. శని, ఆదివారాలు కర్నూలు నుంచి బస్సులు మారుతూ వచ్చి, స్నానాలకు వాడిన నీళ్లు చెంబులతో పోసేవాణ్ణి. మిగతా రోజుల్లో ఆ పని అత్త చేసేది, ఊరంతా మిద్దెల మీద గడ్డి పీకుతుంటే తానొక్కతే నీళ్లు పోస్తూ. ఏప్రిల్‌కల్లా మిద్దె పచ్చగా అయింది. రెండు మేకలు ఎలా ఎక్కాయో ఎక్కి, నా ప్రాజెక్టులో ఒక మూల కొంత తినేశాయి. గది పైకప్పుకు లోపలివైపు ఒక తేమ మరక కూడా కనిపించింది. దాన్ని ఫోటో తీసి "తేమ నిలుపుదల, ఆశాజనకం" అని రాసుకున్నాను. పక్క గదికంటే ఇక్కడ థర్మామీటరు రెండు డిగ్రీలు తక్కువ చూపించింది. కార్బన్ సార్ ఆ ఫోటోలు క్లాసులో తెర మీద వేసి చూపించి, "సంప్రదాయానికి విజ్ఞానం తోడైతే ఇలా ఉంటుంది" అన్నారు. ఆ వారమంతా నేను కాస్త మెల్లగా, బరువుగా నడిచినట్టు గుర్తు.

మే నెలాఖరున, చివరి రీడింగుల కోసం నేను అక్కడున్న రోజు, మధ్యాహ్నం మూడింటికి మబ్బు పట్టింది. చూస్తుండగానే వాన కుమ్మేసింది. అత్త వాకిట్లో నిలబడి, "ముందే వచ్చె సూడు, ఈయేడు విత్తనం తొందరగా పడ్తాది" అని సంబరంగా అంది. మిద్దె మీద నా గరిక ఎంత సంతోషిస్తోందో అని నేనూ సంబరపడ్డాను. పావుగంటకు కొట్టు గదిలో టపటపమని చప్పుడు. లోపలికెళ్లి చూస్తే ఒక చోట కాదు, గది గదంతా కారుతోంది. పక్క గదిలో, వంటింట్లో, వసారాలో చుక్క లేదు. నేను వైద్యం చేసిన చోట మాత్రం నేల బ్రహ్మాండంగా బాగుపడి, పుస్తకంలో రాసినట్టే నీళ్లు తాగి, తాగినవన్నీ విత్తనం సంచుల మీద పోస్తోంది.

అత్త అరవలేదు. అరిచి ఉంటే నాకు సులువుగా ఉండేది. "సంచులెత్తండి" అంది, అంతే. ఎదురుగా ఉన్న చర్చికి కొత్తగా శ్లాబు వేశారు. మామ, నేను, పక్కింటివాళ్లు గోతాలు వీపున వేసుకుని ఆ వానలో అక్కడికి చేర్చాం. నాలుగు సంచులు అప్పటికే నానిపోయాయి. ఆదివారం ఆ సంచుల మధ్యే ఆరాధన జరిగింది. పాస్టరు అయ్యగారు ప్రార్థనలో విత్తనాల కోసం వేడుకుని, ఆ తర్వాత తెలిసీ తెలియక పనులు చేసేవాళ్ల కోసం కూడా ఒక మాట వేడుకున్నారు. ఎవరూ నా వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి అందరూ ఎంత కష్టపడుతున్నారో మాత్రం నాకు తెలుస్తూనే ఉంది.

తడిసిన కాయలను నీడన ఆరబోశాం. వాటిలో పది గింజలు వలిచి, తడి గోనెపట్టాలో చుట్టి, అత్త ఒక మూల పెట్టింది. నాలుగైదు రోజుల్లో అవి మొలిస్తే విత్తనం బతికినట్టు, లేకపోతే పోయినట్టు. ఈలోగా నేను మూడు రోజులు ట్రాక్టరుతో వంక నుంచి చౌడు తోలుకొచ్చి, నా గరిక నేనే పీకి, తట్టలతో పైకి మోసి, పరిచి తొక్కాను. అత్త కింద నుంచి తట్ట అందిస్తూ, కోపం లేకుండానే, "దాంట్లో నీళ్లు దిగవు, ఏమీ మొలవదు. దానికే గదప్పా తోలుకుంటాం" అంది. నేను రికార్డులో లోపాలని రాసినవి రెండూ, అదే వరసలో. ఆమె ఆ రికార్డు ఎప్పుడూ చూడలేదు.

గోనెపట్టా విప్పకముందే నేను వైవాకు కర్నూలు రావాల్సి వచ్చింది. గ్రాఫులో ఆఖరి చుక్క వాన పడిన రోజుది. గది తడిసి ముద్దయినందువల్ల ఆ రోజు వేడి అమాంతం పడిపోయింది. ఆ చుక్క తీసేస్తే గ్రాఫు బాగుంటుంది, ఉంచితే ఇంకా బాగుంటుంది. నిజం చెబితేనే బాగుండదు. బస్సులో దారి పొడవునా ఇదే ఆలోచన. బయటి నుంచి పరీక్షకురాలిగా వచ్చిన మేడమ్ సరిగ్గా ఆ చుక్క మీదే వేలు పెట్టి, "ఇంత మంచి ఫలితం ఎలా వచ్చింది బాబూ?" అని అడిగారు. పక్కన కార్బన్ సార్ ముఖం వెలిగిపోతోంది. నేను అబద్ధం చెప్పడానికే నోరు తెరిచాను. కళ్ల ముందు వాకిట్లో నిలబడి వాన చూసి నవ్విన అత్త కనిపించింది. "కారింది మేడమ్" అని మొదలుపెట్టి, జిప్సం దగ్గర నుంచి చర్చి దాకా మొత్తం చెప్పేశాను. కార్బన్ సార్ కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు, చాలాసేపు తుడుచుకున్నారు. మేడమ్ కాగితం మీద ఏదో అంకె వేశారు. తలకిందులుగా చూసినా అది చిన్న అంకే అని తెలిసింది.

అప్పుడు జేబులో ఫోను మోగింది. వైవాలో ఫోను ఎత్తడం తప్పు. నేను ఎత్తాను.

"అల్లుడా, గోనెపట్టా ఇప్పినా. పదింట్లో ఏడు మొలిచినాయి" అంది అత్త. "ఇంగ నువ్వు దిగులు పెట్టుకోవద్దు. రోంత దగ్గరదగ్గర ఇత్తుకుంటాంలే. పరీక్ష బాగ రాయి."

నాకు ఏడుపు ఆగలేదు. ఇరవై ఒక్కేళ్లవాణ్ణి, ఇద్దరు ప్రొఫెసర్ల ముందు చొక్కా చేత్తో కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డాను. మార్కుల కోసం ఏడుస్తున్నాననుకుని పాపం వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మేడమ్ ఆ అంకె కొట్టేసి, ఇంకాస్త పెద్దది వేశారు. కాదు మేడమ్, ఇది చెనక్కాయల ఏడుపు అని చెప్పాలనుకున్నాను గానీ, అప్పటికే ఆ రోజుకు సరిపడా నిజం చెప్పి ఉన్నాను.

ఇప్పుడు నేను కర్నూలులోనే ఒక ఆఫీసులో, కట్టబోయే ఇళ్ల ప్లాన్లు చూసి ఇది హరితమా కాదా అని చెప్పే ఉద్యోగం చేస్తున్నాను. అప్పుడప్పుడు కొత్తగా చదువు ముగించినవాళ్లు ట్యాబులు పట్టుకుని వస్తారు. వాళ్ల కళ్లలో ఆ పాత వెలుగు చూస్తే నాకు ముచ్చటేస్తుంది, కొంచెం భయమూ వేస్తుంది. ఆ ఇరవై ఒక్కేళ్ల నేనే ఎదురుగా వచ్చి, మీ మిద్దె మట్టికి జబ్బు చేసింది సార్ అంటే ఏం చేస్తానా అని ఒక్కోసారి ఆలోచిస్తాను. కోప్పడను. కూర్చోబెట్టి, టీ తెప్పించి, చెప్పేదంతా ఓపిగ్గా వింటాను. మిద్దె మాత్రం ఎక్కనివ్వను.