మా ఇంటికొచ్చిన చెవిచిప్పలు

మా ఎదురింటి ఆమె ఒమన్ దేశంలో సలాలా అనే ఊళ్లో ఒక పెద్ద కుటుంబానికి వంట చేస్తుంది. రెండు మూడేళ్లకొకసారి మైదుకూరు వస్తుంది. వచ్చిందంటే మా వీధిలో అందరికీ ఏదో ఒకటి అందాల్సిందే. పిల్లలకు చాక్లెట్లు, ఆడవాళ్లకు అత్తరు సీసాలు, మా అత్తకు ఖర్జూరాలు. ఈసారి నా చేతిలో మాత్రం ముడివేసిన నల్ల కవరు పెట్టి, నవ్వుతూ వెళ్లిపోయింది. ముడి విప్పక ముందే వాసన వచ్చింది.

నేనే అడిగాను మరి. ఒకరోజు వీడియో కాల్‌లో మాట్లాడుతూ ఆమె గిన్నెలు తోముతోంది. కుళాయి పక్కన, కిటికీ దగ్గర, సబ్బుముక్క పెట్టుకున్న చిప్ప ఒకటి నెమలి మెడలా మెరుస్తోంది. అదేమిటని అడిగితే, చలికాలంలో అక్కడివాళ్లు వండించుకునే ఒకరకం సముద్రపు నత్త చిప్ప అని చెప్పింది. దాన్ని అబలోన్ అంటారని ఆ తర్వాత నేను ఫోన్‌లో వెతుక్కుని తెలుసుకున్నాను. ఈసారి వచ్చినప్పుడు తెస్తానంది. ఆ మాట నేను మర్చిపోయాను, ఆమె మర్చిపోలేదు. ప్రయాణం హడావిడిలో కడిగే తీరిక లేక, ఉన్నవాటిని ఉన్నట్టే చీరల మధ్య చుట్టి పెట్టెలో పెట్టుకుని తెచ్చింది. ఆ చీరలు ఎన్నిసార్లు ఉతికినా లాభం లేకపోయిందని తర్వాత తనే చెప్పుకుని నవ్వింది.

మాది అంగడి నడుపుకునే కోమట్ల ఇల్లు. కోడిగుడ్డు కూడా మా గడప దాటి లోపలికి రాదు. నేను వంటగదిలో నిలబడి కవరు ఎక్కడ దాచాలా అని ఆలోచిస్తుండగానే మా అత్త వచ్చేసింది.

"ఏం పాపా, ఎలుక చచ్చిందా యాడన్నా?"

జవాబు కోసం చూడకుండా మా ఆయన్ని పిలిచి బియ్యం మూట జరిపించింది. గ్యాస్ బండ జరిపించింది. ఇద్దరూ కలిసి అటక మీదున్న పాత బిందెలు దించేదాకా వచ్చాక, ఇక లాభం లేదని కవరు విప్పి చూపించాను. ఏడెనిమిది చిప్పలు. ఒక్కొక్కటి అరచేయంత ఉంది. అచ్చం చెవి ఆకారం. చెవికి వరసగా పోగులు కుట్టించినట్టు ఒక అంచున చిల్లులు. పైన మట్టిరంగు గరుకు, దాని మీద తెల్లగా సున్నం పెచ్చులు. లోపల ఇంద్రధనుస్సు, దాని అంచుల్లో ఎండి అతుక్కుపోయిన మాంసం.

మా అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, దూరం నుంచే వంగి చూసింది. ఇదేం జీవమని అడిగింది. నత్త అని చెప్పాను.

"నత్తకు మిద్దెపైన చోటుండాది. ఇంట్లో లేదు."

అలా చిప్పలు మిద్దె ఎక్కాయి. బ్లీచింగ్ పౌడర్ పల్చగా కలిపిన నీళ్లలో కాసేపు నానబెడితే మాంసం ఊడి వస్తుందని ఫోన్‌లో ఎవరో చెప్పగా విన్నాను. నానబెట్టాను. మధ్యాహ్నానికల్లా వీధిలో ఉన్న పిల్లులన్నీ మా పిట్టగోడ మీద పెళ్లి భోజనానికి వచ్చినట్టు వరసగా కూర్చున్నాయి. చిక్కేమిటంటే, అదే మిద్దె మీద మా అత్త ఆ పొద్దున్నే గుమ్మడికాయ వడియాలు పెట్టింది. ఆ వడియాల మీద పిల్లి అడుగులు పడకుండా ఎవరో ఒకరు కాపలా ఉండాలి. నా కాపలా మీద ఆమెకు నమ్మకం లేదు. పీట, గొడుగు, పొడుగాటి కర్ర పట్టుకుని తనే వచ్చి కూర్చుంది. ఆ విధంగా, ఇంట్లో చోటే లేదన్న మనిషి, చిప్పలు కడగడం మొదటి నుంచి చివరిదాకా చూసింది.

మాంసం ఊడింది, వాసన తగ్గింది. పైనున్న సున్నం పెచ్చులు మాత్రం కదల్లేదు. ఆదివారం మా ఆయనకు ఈ సంగతి తెలిసింది. ఆయనది హార్డ్‌వేర్, పెయింట్ల అంగడి. లోకంలో ప్రతి కష్టానికీ తన అంగట్లో ఒక డబ్బా ఉంటుందని ఆయన నమ్మకం. ఒక చిప్పను ప్లాస్టిక్ మగ్గులో వేసి, బాత్రూములు కడిగే యాసిడ్ పోశాడు. గోలీసోడా కొట్టినట్టు బుసబుసా పొంగింది. చూశారా అన్నట్టు మా ఇద్దరి వైపూ తిరిగాడు. అంతలో ఫోన్ మోగితే కిందికి వెళ్లి, ఎవరితోనో తలుపు గొళ్లేల గురించి తీరిగ్గా మాట్లాడి వచ్చాడు. వచ్చి మగ్గులోంచి కర్రతో పైకి తీస్తే చిప్ప అప్పడమంత పల్చగా ఉంది. చిల్లులన్నీ కలిసిపోయి ఒకటే సందు అయ్యింది. నీళ్లలో కడిగి పట్టుకోగానే రెండు ముక్కలైంది. మా ఆయన మగ్గులోకి వంగి చూశాడు.

"తక్కినది యాడికి పోయింది?"

మా అత్త గొడుగు కింద నుంచి కదలకుండా జవాబు చెప్పింది. బేతంచెర్ల బండలు పరిపించినప్పుడు వాటి మీద యాసిడ్ పోయొద్దని అంగట్లో కూర్చుని ఊరందరికీ చెప్పేది నువ్వే గదా, సున్నపురాయికొక న్యాయం, చిప్పకొక న్యాయమా అంది. ఆ తర్వాత మా ఆయన చిప్పల విషయంలో సలహాలు మానేశాడు.

మరుసటిరోజు మా అత్త వంతు. దీపపు కుందులు, హారతి పళ్లెం ఆమె తోమితే ముఖం చూసుకోవచ్చు. అదంతా చింతపండు మహిమ అని ఆమె లెక్క. చూస్తూ కూర్చోవడం విసుగు పుట్టి, ఒక చిప్ప తీసుకుని లోపలా బయటా చింతపండు గుజ్జు దట్టంగా పట్టించి ఎండలో పెట్టింది. కడిగి చూస్తే పైన మురికి కొంత వదిలిన మాట నిజమే. లోపలి మెరుపు మాత్రం శుక్లం వచ్చిన కన్నులా మసకబారిపోయింది. చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. ఈ ఏటి చింతపండు మంచిది కాదని తేల్చింది.

మిగిలినవాటికి నా పద్ధతే దిక్కయింది. నా పద్ధతంటే ఏమీ లేదు, ఓపిక. పాత టూత్‌బ్రష్‌తో గరుకంతా తోమడం, పెచ్చుల కిందికి చీరపిన్ను దూర్చి మెల్లగా లేపడం, ఆ తర్వాత పెయింటర్లు వాడే వాటర్ పేపర్‌ను నీళ్లలో తడుపుతూ రుద్దడం. ముందు గరుకు కాగితం, తర్వాత నున్నటిది, తర్వాత ఇంకా నున్నటిది. పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. అందుకని తడి ఆరనివ్వకుండా, మూతికి మాస్కు కట్టుకుని రుద్దాను. పక్క మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నామె నన్ను చూసి, మళ్లీ ఏమన్నా జబ్బొచ్చిందా అని గాభరాగా అడిగింది.

రెండో రోజు మట్టిరంగు కింద నుంచి ఎరుపు తొంగిచూసింది. దాని కింద పచ్చదనం, ఆ పచ్చదనంలో కదిలే నీలం. వేళ్లు నొప్పిపుడుతున్నా ఆపబుద్ధి కాలేదు. మా అత్త పీట కొంచెం కొంచెంగా నా వైపు జరుగుతూ వచ్చింది. వడియాలు ఎప్పుడో ఎండి డబ్బాలోకి వెళ్లిపోయాయి, ఆమె కాపలా మాత్రం ముగియలేదు.

"నువ్వు రుద్దేది చూస్తాంటే నాకు చేతులు దురదపెడతాండాయి. ఇటియ్యి ఆ కాగితం."

ఇక నాకు పని దొరికితే ఒట్టు. జబ్బల్లో బలం ఆమెకే ఎక్కువ, పట్టుదల అంతకంటే ఎక్కువ. వేపపుల్ల కొస నమిలి కుంచెలా చేసి, ఒక్కొక్క చిల్లునీ శుభ్రం చేసింది. ఇవి చెవులు కాబట్టి చెవులు కడిగినట్టే కడగాలట. అప్పటి నుంచి మా ఇంట్లో వాటికి చెవిచిప్పలనే పేరు స్థిరపడింది.

చివరన మెరుపు నిలవడానికి నూనె పట్టించాలి. కొబ్బరినూనె కంటే మంచిదేముందని మా అత్త పట్టించింది. తెల్లారి చూస్తే వాటిని పెట్టిన మిద్దెమెట్ల గూట్లో ఎర్రచీమలు ఊరేగింపు తీస్తున్నాయి. మళ్లీ సబ్బునీళ్లతో కడిగి, నీడలోనే ఆరబెట్టి, పసిపిల్లలకు రాసే బేబీ ఆయిల్ దూదితో ఒక్క చుక్క అద్దాం. చీమలకు అది నచ్చలేదు.

ఇక వాటిని ఎక్కడ పెట్టాలన్నది తేలాలి. హాల్లో అద్దాల బీరువా ఉంది. అందులో గాజు గుర్రం, మా ఆయన ఎప్పుడో షటిల్ ఆడి గెలిచిన కప్పు ఉన్నాయి. నత్తను హాల్లోకి రానిస్తుందా అని నాకు బెరుకు. పూజగదిలో ఉన్న శంఖం సంగతి ఎత్తుదామని చాలా రోజులుగా మాటలు కూడబెట్టుకుంటున్నాను, ధైర్యమే చాలడం లేదు. ఒకరోజు పొద్దున పూజ ముగించుకుని ఆమే శంఖం చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఇది గూడా నత్త ఇల్లే గదా పాపా. దీన్ని నోట్లో పెట్టుకుని ఊదుతాండాం. దాన్ని బీరువాలో పెడితే ఏమైతాది?"

ఏమీ కాదని ఒప్పుకున్నాను. ఒక్కొక్క చిప్పనూ వాసన చూసి మరీ తనే లోపల సర్దింది. ఎండ తగిలితే రంగు వెలిసిపోతుందని కిటికీ పరదా కూడా జరిపింది.

ఎదురింటి ఆమెను పిలిచి చూపించాం. ముందు గుర్తుపట్టలేదు. తను తెచ్చినవే అని చెప్పాక అద్దానికి దగ్గరగా జరిగి చాలాసేపు చూసింది. వంటింట్లో వాటిని గరిటెతో ఒలిచి ఒలిచి పెరట్లో కుప్ప పోస్తారట. "ఎన్ని ఒలిచినానో లెక్కే లేదక్కా. ఒక్కదాన్ని గూడా ఇట్ల చూడల్యా" అంది. మా అత్త బీరువా తెరిచి, అన్నింటికంటే బాగా కుదిరినదాన్ని తీసి ఆమె చేతిలో పెట్టింది. దీంట్లో సబ్బు మాత్రం పెట్టొద్దని గట్టిగా చెప్పింది.

ఆ తర్వాత మా అత్తకు సందేహాలు మొదలయ్యాయి. ఆ చిల్లులెందుకని అడిగితే, లోపలికి పీల్చిన నీళ్లను ఆ నత్తలు వాటిలోంచే బయటికి వదులుతాయని ఫోన్‌లో చూసి చెప్పాను. రాయిని ఎట్లా పట్టుకుంటాయి, అల వస్తే ఊడిపోవా, అసలు అల ఎంత ఎత్తుంటుంది? అప్పుడు బయటపడింది, డెబ్బై ఏళ్లు దగ్గరపడుతున్నా ఆమె సముద్రం చూడలేదని. ఏటా ఒంటిమిట్ట కళ్యాణానికి వెళ్తుంది, తిరుపతి లెక్కలేనన్ని సార్లు వెళ్లింది. సముద్రం దాకా తీసుకుపోదామని ఎవరికీ తోచలేదు, తనూ అడగలేదు.

అంగడికి సెలవు పెట్టి మా ఆయన కారు తీశాడు. బద్వేలు మీదుగా నెల్లూరు, అక్కడి నుంచి మైపాడు. ఇసుక మీద చెప్పులు వదిలి, చీర కుచ్చెళ్లు రెండు చేతులా ఎత్తిపట్టుకుని ఆమె నీళ్ల అంచున నిలబడింది. మొదటి అల పాదాలు తడిపి వెనక్కి వెళ్తూ కాళ్ల కింద ఇసుకను లాగేసరికి నా భుజం పట్టుకుని గట్టిగా నవ్వింది. ఆమె అంత గట్టిగా నవ్వడం నేను పెళ్లై వచ్చాక చూడలేదు. కాసేపటికి కుచ్చెళ్లు వదిలేసింది.

తర్వాత ఏరడం మొదలుపెట్టింది. తెల్లటి ముక్కలు, విరిగిన గవ్వలు, అన్నీ కొంగులోకే. వాటిలో చిన్న నత్తగుల్ల ఒకటి అరచేతిలో కదిలింది. లోపల దూరిన పీత సన్నటి కాళ్లు బయటికి వచ్చాయి. ఉలిక్కిపడి వదిలేసింది. మళ్లీ వంగి, దాన్ని రెండు వేళ్లతో జాగ్రత్తగా పట్టుకుని తడి ఇసుక మీద పెట్టింది.

"ఇది మనకొద్దు. దీంట్లో కాపురం ఉండారు."

అల వచ్చి దాన్ని తీసుకుపోయింది. అక్కడి నుంచి ఏరిన ప్రతి గుల్లనూ వేలితో తట్టి, లోపలికి తొంగిచూసి, ఎవరూ లేరని తేల్చుకున్నాకే కొంగులో వేసుకుంది. మా ఆయన రెండుసార్లు కారు హారన్ కొట్టాడు. ఆమె తల ఎత్తలేదు.