మస్టర్ దగ్గర చదివిన పేర్లు

రిటైరై ఆరేళ్లయినా నా ఒళ్లు మస్టర్ టైముకే లేస్తుంది. మస్టర్ అంటే పొద్దు పొడవకముందే పారిశుధ్య కార్మికులు చేరి హాజరు వేయించుకునే చోటు. మున్సిపల్ కమిషనర్‌గా ఊళ్లు తిరిగినన్నాళ్లూ నేను ఆ వేళకు లేచేదాన్ని. లేచి, వెళ్లాలని అనుకుని, సగం రోజులు మళ్లీ దుప్పటి కప్పుకునేదాన్ని. ఇప్పుడు ఎవరూ రమ్మనరు, అయినా ఠంచనుగా మెలకువ వస్తుంది. మా నాచారం డాబా మీద నిలబడితే చలికాలం మంచులో ఇళ్ల మీది నీళ్ల ట్యాంకులు మాత్రమే కనిపిస్తాయి. కింద గోడలూ గేట్లూ ఇంకా నిద్రలోనే ఉన్నట్టుంటాయి. ఫ్యాక్టరీల వైపు నుంచి ముందు ఏదో తీపి వాసన, దాని వెనకే మందుల ఘాటు. కాసేపటికి ఉప్పల్ వైపు మొదటి మెట్రో రైలు దీపాలతో జారిపోతుంది. అంత దూరానికి చప్పుడు వినపడదు.

ఆదివారాలు మాత్రం ఆ డాబా నాది కాదు. చుట్టుపక్కల చిన్న మున్సిపాలిటీల కమిషనర్లు నలుగురైదుగురు టిఫిన్ వేళకు దిగుతారు. అందరూ నా పిల్లల ఈడువాళ్లే. ఎప్పుడో ఒకడు సలహాకని వచ్చి, మరోవారం ఇంకొకణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. మా ఇంట్లో "మేడం" అంటే పెసరట్టు పెట్టను, "అక్కా" అనాలి. ఫోన్లు బియ్యం డబ్బాలో పడెయ్యాలి. పైఅధికారులు చేస్తే బియ్యంలోంచి గుర్రుమంటాయి, ఎవరూ లేవరు. కూర్చోవడానికి చాపే. ఆఫీసులో వాళ్ల కుర్చీకి తెల్ల టవలు కప్పి ఉంటుంది. ఆ టవలుకు వీపు ఆనించి "నాకు భయంగా ఉంది" అని ఎవరితో చెప్పుకుంటారు పాపం?

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అంటారు మా ఆయన. అంటూనే అల్లం తరుగుతారు.

కాలం ఏమీ బాగోలేదు. పైనుంచి రావలసిన నిధులు రావు. పంపిన బిల్లులు పోయిన దారినే తిరిగొస్తాయి. చెత్త బండి రాకపోతే జనం తిట్టేదీ కమిషనర్నే, పన్నులు వసూలు కాకపోతే పైవాళ్లు తిట్టేదీ కమిషనర్నే. అడకత్తెరలో పోకచెక్క బతుకు. నేను వాళ్లకు నిధులు తెచ్చివ్వగలనా? అట్టు వేసి పెట్టి, చెప్పింది వింటాను. అంతకంటే నా చేతిలో ఏముంది?

వాళ్లలో అందరికన్నా చిన్నది ఒక అమ్మాయి. నల్గొండ వైపు పల్లెటూరు పిల్ల, ఉప్పల్ దాటాక ఒక చిన్న మున్సిపాలిటీలో మొదటి పోస్టింగు. కిందటి చలికాలం ఒక ఆదివారం అందరూ వెళ్లిపోయినా చాప మీంచి లేవలేదు. పెసరట్టు ముట్టలేదు. కాసేపటికి బ్యాగులోంచి ఒక కాగితం తీసింది.

"అక్కా, రేపటికల్లా దీని మీద సంతకం పెట్టాలె. యాభై అయిదు దాటిన కార్మికులను తీసెయ్యమన్నరు. ముప్పై మంది."

"పెడతావా?"

"పెడ్త. పెట్టి లాంగ్ లీవుల పోత. ఇగ నాతోని కాదు. నిద్ర పడ్తలేదక్కా. కండ్లు మూస్తే రోడ్ల మీద చీపుర్లు వాటంతట అవే ఊడుస్తుంటయి. మనుషులు మాత్రం ఉండరు."

ఆ కల నేనూ కన్నాను. నా కలలో చీపుర్లు కాదు, ఖాళీ తోపుడు బండ్లు. ఎవరూ తొయ్యకుండా వరసగా వీధి చివరికి పోయేవి, నేను వెనక నడిచేదాన్ని, ఎంత నడిచినా వీధి అయ్యేది కాదు. ఎందుకు వచ్చేదో నాకు బాగా తెలుసు. మా ఆయనకు కూడా చెప్పని మాట ఆ పిల్లకు చెప్పాను.

"నేనూ ఇలాంటి జాబితా మీద సంతకం పెట్టానమ్మా. ఇలాంటి కరువు రోజుల్లోనే, భోజనానికి లేవబోతూ. పేర్లు చదవలేదు. కింద ఖాళీ ఎక్కడుందా అని చూసి ఆకుపచ్చ సిరాతో గీకేశాను. చేతులు కడుక్కుని పెరుగన్నం తిన్నాను. బాగానే తిన్నాను, అదీ నా సిగ్గు."

ఆ పిల్ల నా మొహంలోకే చూస్తోంది.

"పెట్టొద్దని నీకు చెప్పడానికి నాకు నోరు లేదు. కానీ నీ గదిలో కూర్చుని పెట్టకు. పొద్దున్నే మస్టర్ దగ్గరికి పో. సంగతి నీ నోటితో చెప్పి, ఆ పేర్లు గొంతెత్తి చదువు. అప్పటికీ చెయ్యి ఆడితే పెట్టు."

"నువ్వొస్తవా అక్కా?"

"నేనెందుకే మధ్యలో?" అన్నాను. అని, రాత్రే చెప్పులు తలుపు దగ్గర పెట్టుకున్నాను.

తెల్లవారకముందే ఆమె కారు వచ్చింది. ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభాలు మంచులోంచి ఒక్కొక్కటే వచ్చి, ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. ఊరి మొదట్లో నీళ్ల ట్యాంకు కింద మస్టర్. శాలువాల మీద నారింజ రంగు జాకెట్లు, టీ గ్లాసుల పొగలు, దగ్గులు, నవ్వులు. నేను కారులోనే ఉండి అద్దం దించాను.

ఆ అమ్మాయి కాగితం పట్టుకుని నిలబడింది. ముందు సంగతి చెప్పమన్నాను కదా, ధైర్యం చాల్లేదేమో, అది చెప్పకుండా నేరుగా పేర్లే మొదలుపెట్టింది.

మొదటి పేరుకు జవాబొచ్చింది. "హాజర్ మేడం!"

అయ్యో రామా! పొద్దున్నే మస్టర్ దగ్గర పేర్లు చదివితే వాళ్లకు తెలిసినది హాజరొక్కటే. రెండో పేరుకు ఒకాయన టీ గ్లాసు కింద పెట్టి నిటారుగా నిలబడ్డాడు. "హాజర్." అయిదో పేరో ఆరో పేరో, ఒకామె చెప్పులు చేత పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "వచ్చిన మేడం, వచ్చిన! ఆబ్సెంట్ ఎయ్యకుండ్రి!"

అమ్మాయి ఆపలేదు. ఒక్కొక్క పేరుకూ ఒక మనిషి మంచులోంచి ముందుకొస్తున్నాడు. చివరి పేరుకు ఒక ముసలామె కొంగు నడుముకు చెక్కుకుంటూ "హాజర్" అంది.

"ఇది హాజరు కాదు," అంది అమ్మాయి. బొటబొటా ఏడుస్తోంది. "పైసలు లేవంటున్నరు. పని నుంచి తీసేసేటోళ్ల పేర్లు ఇవి."

అప్పుడా ముసలామే ముందుకొచ్చింది.

"ఏడువకు బిడ్డా. పైసలు తక్కువైతే అందరం వంతులేసుకుంటం. వారంల ఒక్కొక్క రోజు ఒక్కొక్కళ్లం ఇంట్ల కూసుంటం, ఆ దినం కూలి ఇడిసిపెడ్తం. ఎవ్వల పేరు కొట్టకు."

వెనక నుంచి ఒక కుర్రవాడు గొణిగాడు. "నాకెందుకు ఇది? నేనేమన్న ముసలోణ్ణా?"

"నీకు రావారా యాభై అయిదు? జర ఆగు, అవే వస్తయి!" అంది ముసలామె. నవ్వులు లేచాయి. ఆ నవ్వుల్లోనే వాడూ సరేనన్నాడు.

అమ్మాయి కారు బానెట్ మీద కాగితం తిరగేసి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. దాన్ని పైవాళ్లతో ఒప్పించడానికి ఆమె పడ్డ తిప్పలు తరవాత చాలా ఆదివారాలు విన్నాను. ఈ ఏటికైతే ఒప్పుకున్నారు. జాబితా మీద సంతకం పడలేదు, ఆమె లీవూ పెట్టలేదు.

ఆ పొద్దున అందరూ వీధుల్లోకి కదులుతుంటే ముసలామె నేనున్న కారు దగ్గరికొచ్చి వంగి చూసింది.

"నన్ను గుర్తువట్టలేదా మేడం?"

పట్టలేదు. ఆమె నేను పనిచేసిన ఊరి పేరు చెప్పింది. "ఆడ మీరు తీసేస్తేనే ఈడికొచ్చిన."

కారు దిగాను. "తప్పయిందమ్మా" అన్నాను. నా చెవికే ఆ మాట చాల్లేదు.

ఆమె మొహంలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"గప్పుడు అడిగినా మేం గిదే చెప్తుంటిమి. మీరొస్తరని మూడు పొద్దులు మస్టర్ కాడనే నిలవడ్డం. రాలే," అని, చీపురు అందుకుని మంచులోకి వెళ్లిపోయింది.

ఆ మూడు రోజులూ నాకు మెలకువ వచ్చింది. దుప్పటి కప్పుకుని పడుకునే ఉన్నాను.