డ్రైవర్ పక్క సీటు

నందిగామలో మేం ఫ్లెక్సీలు డిజైన్ చేసే షాపులో నా పక్క కంప్యూటర్ ఒక పెద్దాయనది. రోజూ జగ్గయ్యపేట నుంచి బస్సులో వచ్చేవారు. పొద్దస్తమానం అవే పుట్టినరోజులు, అవే దండం పెట్టే మొహాలు. మధ్యాహ్నం క్యారియర్ కడిగేశాక మాత్రం ఆయన కంప్యూటర్‌లో కార్లు తయారుచేసేవారు. ఏ కంపెనీవీ కావు, ఆయన ఊహించుకున్నవి. డ్రైవింగ్ గేములు ఆడేవాళ్ల కోసం వాటిని నెట్‌లో ఊరికే పెట్టేసేవారు. వాళ్లు ఏ లోపం చెప్పినా కళ్లు నులుముకుని, “సర్లే, చూద్దాం” అంటూ ఆరోజే సరిచేసేవారు.

ఒక్కటి తప్ప. ఆయన కార్లన్నిటిలో డ్రైవర్ పక్క సీటు బాగా వెనక్కి జరిగి ఉండేది.

“అందరూ దాన్నే తిడుతున్నారండీ, కాస్త ముందుకి జరపకూడదా?” అన్నాను ఒకసారి.

“మా ఆవిడకి మోకాలు వంగదయ్యా. ఆస్పత్రికెళ్లినప్పుడల్లా బస్సులో ఆ కాలు ఎక్కడ పెట్టాలో తెలీక చస్తన్నాం,” అన్నారు స్క్రీను మీంచి చూపు తిప్పకుండా. “ఇందులోనన్నా చాపుకోనీ.”

పోయినేడు ఆవిడ పెద్దకర్మ ఫ్లెక్సీ నేనే చేశాను. ఆయన చూసి, కళ్లు నులుముకుని “సర్లే” అన్నారు. మళ్లీ పనిలోకి రాలేదు.

మొన్న నెట్‌లో ఆయన కొత్త కారు కనబడితే తెరిచి చూశాను. పక్క సీటు అందరి కార్లలోలాగే ముందుకి జరిగి ఉంది. కింద ఎవరో రాశారు: “ఇన్నాళ్లకి సరిచేశారు. థాంక్స్.”